ఉల్లిగడ్డ కోయని ఇల్లు

కోదాడ,
నవంబరు 17.

ద్వాళి అక్కా,

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వుకోకు. నా ఫోను మా ఆయన శ్రీకాంత్ దగ్గరే ఉంటుందని నీకు తెలుసు. ఎవరు చేసినా మాట రికార్డవుతుంది, సాయంత్రం కూర్చుని వింటాడు. టైలరింగ్ షాపు సుందరమ్మ తన ఫోను ఇస్తానంటుంది గానీ, నీ గొంతు వింటే నాకు ఏడుపే వస్తుంది తప్ప మాట రాదు. షాపులో ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. కాగితం మీదైతే నిదానంగా చెప్పగలను. మన లంబాడీ మాటకు అక్షరాలు లేవు కాబట్టి బడిలో నేర్చుకున్న తెలుగే మనకు దిక్కు. అమ్మను మాత్రం యాడి అనే రాస్తాను. జవాబు సుందరమ్మ షాపు అడ్రసుకు రాయి.

మంచి వార్త చెప్పడానికే రాస్తున్నాను. మొన్న బుధవారం ఆయన మళ్లీ అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు తాగడు. మాంసం ముట్టడు, చెప్పులు వేసుకోడు, నేల మీద చాప పరుచుకుని పడుకుంటాడు. నా మీద చెయ్యి వేయడు, ఏ రకంగానూ. నన్ను మాత అని పిలుస్తున్నాడు. మొదటి రోజు "మాతా, జర నీళ్లు పెట్టు" అంటే ఎవరిని పిలుస్తున్నాడో అని వెనక్కి తిరిగి చూశాను.

పొద్దున నాలుగింటికే లేచి చన్నీళ్ల స్నానం చేసి, పూజ చేసుకుని, సిమెంటు లోడుకు వాడపల్లి వెళ్తున్నాడు. సాయంత్రం లారీ చప్పుడు వినపడితే ఇప్పుడు అనూషను లోపలి గదిలోకి పంపడం లేదు. మధ్యాహ్నం షాపుకు వెళ్లి జాకెట్లు కుట్టుకుంటానంటే "పో మాతా" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చి పదకొండు నెలలైంది, పోయినేడు మాల తీసిన రోజు నుంచి లెక్క. ఆ రోజు సాయంత్రం నా చెయ్యి ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది. దాని గురించి ఇప్పుడు వద్దు.

అనూష ఎనిమిదో తరగతిలో బాగానే చదువుతున్నది. గోడ మీద క్యాలెండరులో డిసెంబరు 23 మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది. ఏందే అది అంటే ఏం లేదమ్మా అంది. ఆయన కొండెక్కే రోజు అది, 19న బయలుదేరతాడు.

యాడికి దగ్గు ఎట్లా ఉంది? నువ్వు ఆదివారం మిర్యాలగూడ వెళ్తే తండాలో అందరినీ అడిగానని చెప్పు.

నీ చెల్లె,
సుధ

*

సూర్యాపేట,
నవంబరు 21.

సుధా,

నీ మంచి వార్త చదివాను. రెండుసార్లు చదివినా నాకు మంచి ఎక్కడా దొరకలేదు.

మొగుడు కొట్టకపోవడం కూడా వార్తేనా? నేను దవాఖానలో ఆడవాళ్ల వార్డులో పదహారేళ్లుగా దుప్పట్లు మారుస్తున్నాను. బాత్రూంలో జారిపడ్డవాళ్లు నెలకు ఎంతమంది వస్తారో నీకు తెలియదు. ఈ ఊళ్లో బాత్రూములన్నీ మగవాళ్లు తాగిన రోజే జారతాయి. నిన్న ఒకామె, నీ వయసే, దవడ కట్టించుకుని పడుకుని "మా ఆయన ఈసారి మాల ఏసుకుంటనన్నడు అక్కా" అని చెప్పి సంబరపడింది. నీ ఉత్తరం నా కొంగులోనే ఉంది అప్పటికి.

దేవుణ్ణి మెడకు కడితే తప్ప మనిషిలా ఉండలేని వాడు నీకెందుకే?

నాకు భక్తి లేదని అంటావు. ఉండేది. మా ఆయన దీప్లా చనిపోయిన ఏడాది మన తండాలోనే, తీజ్ పండుగకు గోధుమ బుట్టలు మోసే పిల్లల ముందుకు రావద్దని నన్ను పక్కకు నిలబెట్టారు. మొగుడు చచ్చినదాని నీడ పడితే మొలకలు ఎండుతాయట. చిన్నప్పుడు మనిద్దరం ఎన్నిసార్లు మోశాం ఆ బుట్టలు. ఆ తొమ్మిది రోజులు మనల్ని పత్తి చేనుకు పొమ్మని ఎవరూ అనేవాళ్లు కాదు, నవ్వితే కసిరేవాళ్లు కాదు. పదో రోజు మొలకలు నీళ్లలో కలిపాక మళ్లీ చేనే. నీ నలభై ఒక్క రోజులూ అంతే.

నా మాట విను. ఆయన తాగిన రోజుల్లో నువ్వు గడప దాటలేవు. తాగని రోజుల్లో దాటనంటావు. ఇక ఎప్పుడొస్తావు? నా కిరాయి ఇంట్లో రెండో గది ఖాళీ చేశాను. అనూషను పక్క వీధి బడిలో వేయొచ్చు. ఈ మాల ఉండగానే బయటపడు.

యాడి ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆ మాటకు అర్థం నీకు నేను చెప్పక్కర్లేదు.

ద్వాళి

*

కోదాడ,
నవంబరు 29.

అక్కా,

నీ కోపం నాకు తెలియనిది కాదు. అయినా నేను చెప్పేది కూడా విను.

ఈ ఉత్తరం డాబా మీద రేకుల కింద కూర్చుని రాస్తున్నాను. నెలసరి వచ్చింది. మాల ఉన్న ఇంట్లో ఉండకూడదు కదా, అయిదు రోజులు ఇక్కడే. ఇది చదవగానే నువ్వు పళ్లు కొరుకుతావని తెలుసు. కానీ అక్కా, పెళ్లైన పద్నాలుగేళ్లలో ఇంత నిద్ర నేనెప్పుడూ పోలేదు. ఎప్పుడూ గ్లాసు కూడా కడగని మనిషి కింద తానే అన్నం వండుకుంటున్నాడు. నాకో గిన్నె మెట్ల మీద పెట్టి, నన్ను చూడకుండా పోతున్నాడు. మొదటి రోజు అన్నం మాడింది. మాడిన అన్నం ముందు పెట్టుకుని నేనొక్కదాన్నే నవ్వుకున్నాను. సుందరమ్మ పాత వారపత్రికల కట్ట ఇచ్చింది, అన్నీ చదివేశాను. అయిదు రోజులు నన్ను ఎవరూ మంచినీళ్లు కూడా అడగలేదు.

నువ్వు దీన్ని కట్టడి అంటావు. మిగతా ఏడాదంతా తాడు నా మెడకే ఉంటుంది. ఈ నలభై ఒక్క రోజులే అది ఆయన మెడకు పడుతుంది. దేవుడు నాకు చేసిన ఉపకారం అదొక్కటే, దాన్ని కూడా వద్దనమంటే ఎట్లా?

గురుస్వామి కృష్ణమూర్తి గారు మొన్న ఇంటికి వచ్చారు. ఈసారి మండలం ఏ లోపం లేకుండా నిండితే మనిషి మారతాడని చెప్పారు. పోయినేడు మధ్యలో ఏదో అపచారం జరిగి ఉంటుందట, అందుకే ఫలితం నిలవలేదట. నేనూ అదే అనుకుంటున్నాను. ఈసారి నా వైపు నుంచి ఏ లోపం రానివ్వను.

ఇప్పుడు అసలు మాట. ఇంట్లో చావు మైల వస్తే మాల తీసేయాలి. పోయింది ఆయనకు అత్తే అయినా, నాకు మైల వస్తే ఇల్లంతా మైలే, తీయాల్సిందే. తీసిన రోజు ఏమవుతుందో నీకు తెలుసు. అందుకని యాడికి ఏమన్నా అయితే ఆయన కొండ దిగి వచ్చేదాకా నాకు చెప్పకు. తమ్ముడు బిచ్చాకు కూడా చెప్పు, ఫోను చేయొద్దని. చూడటానికి నేను రాలేను. వచ్చినప్పుడే ఏమన్నా జరిగితే దాచడం ఎవరి తరమూ కాదు.

ఇట్లాంటి మాట కన్నకూతురు రాయొచ్చా అని నువ్వు అనకు. రాసేముందు నన్ను నేనే అన్నాను.

సుధ

*

సూర్యాపేట,
డిసెంబరు 4.

సుధా,

నీ ఉత్తరం నాలుగు రోజులు బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆదివారం తండాకు వెళ్లాను. యాడి ఇప్పుడు గోడకు ఆనుకునే కూర్చుంటున్నది, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. సుధ ఏదని అడిగింది. ఆయన మాలలో ఉన్నాడు, రావడానికి కుదరదని చెప్పాను. నా మొహం చూసి "కొడ్తలేడు గదా ఇప్పుడు" అంది. నేనెప్పుడూ చెప్పలేదు ఆమెకు. నువ్వూ చెప్పి ఉండవు. "అయితే రావొద్దను" అంది.

కాబట్టి నీ మాట ఒప్పుకుంటున్నాను, యాడి ఒప్పుకుంది గనుక. ఏం జరిగినా చెప్పను. బిచ్చాను కూడా కట్టడి చేశాను. కానీ నాకూ ఒక షరతు ఉంది. ఆయన ఇరుముడి కట్టుకుని 19న బయలుదేరతాడన్నావు. తిరిగి రావడానికి ఆరు రోజులు. 20న శుక్రవారం, నువ్వూ అనూషా సూర్యాపేట బస్సు ఎక్కాలి. బట్టలు, పిల్ల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు, ఇంకేమీ వద్దు. నేను ఆ రోజు సెలవు పెట్టి బస్టాండులో ఉంటాను. దీనికి సరేనంటేనే నేను నోరు మూసుకుంటాను.

ద్వాళి

*

మిర్యాలగూడ,
డిసెంబరు 11.

సుధా,

తండా నుంచే రాస్తున్నాను. పోస్టు డబ్బా కోసం ఊళ్లోకి వచ్చాను.

యాడి ఇప్పుడు బాగానే ఉంది. దగ్గు లేదు. నిన్న పొద్దున్నుంచి ఆయాసం కూడా లేదు. మొహం తేటగా ఉంది. చేతుల తెల్ల గాజులు బాగా వదులై పోయాయి, తీసి నా దగ్గర పెట్టుకున్నాను. సగం నీవి.

బిచ్చా గుండు చేయించుకున్నాడు. ఎండలకని అనుకో.

నువ్వు రోజూ చేసే పని చేసుకుంటూ ఉండు. ఆయనకు వండి పెట్టు. శుక్రవారం మర్చిపోకు.

అక్క

*

కోదాడ,
డిసెంబరు 15.

అక్కా,

నీ ఉత్తరం అందింది. యాడికి ఆయాసం తగ్గినందుకు సంతోషం.

నాకు ఇంకేమీ తెలియదు. నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ అడగలేదు. ఇట్లాగే రాసుకుందాం.

ఉత్తరం శనివారం పొద్దున సుందరమ్మ చేతికి వచ్చింది. ఆ రోజే మా ఇంట్లో స్వాముల భిక్ష. ముప్పై మందికి వంట. షాపులో చదువుకుని, మడిచి జాకెట్టులో పెట్టుకుని, వచ్చి బియ్యం కడిగాను. స్నానం చేయాలి కదా అక్కా, అది తెలిసినప్పుడు తల మీద నీళ్లు పోసుకోవాలి కదా. పోసుకుంటే ఎందుకని అడుగుతారు. పొద్దున పోసుకున్న నీళ్లే దానికీ లెక్క అనుకున్నాను.

నాకు ఏడుపు వచ్చింది. కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగాను. వేరే రోజైతే నాలుగు ఉల్లిగడ్డలు ముందు వేసుకుని కత్తిపీట మీద కూర్చునేదాన్ని. ఎంతసేపు ఏడ్చినా ఎవరూ ఏమనరు. ఇన్నేళ్లూ అట్లాగే ఏడ్చాను నేను. మాల ఉన్న ఇంట్లో ఉల్లిగడ్డ కోయరు. గుమ్మడికాయ తరిగాను, ముప్పై మందికి సరిపడా. గుమ్మడికాయకు కళ్లు మండవు.

స్వాములు వరసగా కూర్చుని శరణు చెప్పి తింటున్నారు. నేను ఆ చేతులతోనే వడ్డించాను. తప్పని తెలుసు. నాకు నరకమున్నా సరే, ఆయన మండలం నిండితే చాలనుకున్నాను. కృష్ణమూర్తి గారు "మాతా, పప్పు అమృతం లెక్క ఉన్నది" అన్నారు. మా ఆయన కూడా తల ఎత్తి నన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. కంటి నిండా ఏదో ఉంది, నాకు అర్థం కాలేదు. వండి అలిసిపోయానని జాలిపడ్డాడేమో.

నాకు యాడి మొహం గుర్తుకు రావడం లేదు అక్కా. గాజుల చేతులే గుర్తొస్తున్నాయి. సగం దాచి ఉంచు, శుక్రవారం వచ్చి తీసుకుంటాను.

సుధ

*

సూర్యాపేట,
డిసెంబరు 21.

సుధా,

నిన్న పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా బస్టాండులో నిలబడ్డాను. కోదాడ నుంచి వచ్చిన ప్రతి బస్సూ ఖాళీ అయ్యేదాకా చూశాను. బస్టాండు అటెండరు "ఎవలొస్తున్రమ్మా" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి అతన్ని దాటి పక్క ప్లాట్‌ఫారానికి పోయాను.

ఇక దాచేది లేదు. నువ్వు మాట తప్పావు కాబట్టి నేనూ తప్పుతాను. యాడి డిసెంబరు 10, మంగళవారం పొద్దున పోయింది. గోడకు ఆనుకునే పోయింది, మేం టీ తెచ్చేసరికి. చిన్న కూతురు ఏదని తండా అంతా అడిగింది. జ్వరమని చెప్పాను. శవాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్కరికీ అబద్ధం చెప్పాను. దేవుడంటే లెక్కలేని నేను, నీ దేవుడి నియమం కాపాడటానికి కన్నతల్లి చావును దాచాను. నువ్వేమో అంత భక్తి ఉండి, మైల చేతులతో స్వాములకు వడ్డించావు. మనిద్దరిలో ఎవరిది భక్తో నువ్వే చెప్పు.

నీకు స్వేచ్ఛ దొరికిందన్నావు. గది తలుపు తీసి, నేను వాకిట్లో నిలబడి పిలిచినా రానిదానికి స్వేచ్ఛ ఏం చేసుకుంటావే?

ఇంకా నాలుగు రోజులున్నాయి. నేను మళ్లీ బస్టాండుకు రాను. నా కాళ్లు వాచాయి. గది మాత్రం అట్లాగే ఉంది.

ద్వాళి

*

కోదాడ,
డిసెంబరు 30.

అక్కా,

ఈ అక్షరాలు అనూషవి. నేను చెప్తుంటే రాస్తున్నది. నా కుడి చేతికి మళ్లీ కట్టు ఉంది, పోయినేడు విరిగిన చోటే. ఎడమ కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోవడం లేదు. పిల్ల చేత ఇవన్నీ రాయిస్తావా అని అడగకు. చూసినదాన్నే రాస్తున్నది.

ముందు ఆ శుక్రవారం ఎందుకు రాలేదో చెప్తాను, నువ్వు తిట్టుకో. ఇరుముడితో బయలుదేరేటప్పుడు ఇంట్లో దీపం వెలిగించి పోతారు. స్వామి తిరిగొచ్చేదాకా అది ఆరకూడదు. నేను బ్యాగు సర్దాను అక్కా, సర్టిఫికెట్లు కూడా పెట్టాను. గడప దాకా వచ్చి వెనక్కి చూస్తే దీపం కనపడింది. అప్పటికే మైలతో వడ్డించాను. ఇప్పుడు దీపం కూడా ఆర్పి పోతే, ఘాట్ రోడ్డులో ఆ బస్సుకు ఏమన్నా అయితే, అందులో ముప్పై మంది ఉన్నారు. బ్యాగు మంచం కిందికి తోసి దీపంలో నూనె పోశాను. ఆరు రోజులు పోస్తూనే ఉన్నాను.

25న పొద్దున వచ్చాడు. గుడిలో గురుస్వామి మాల తీశారు. ఇంటికి వచ్చి పీట మీద కూర్చుని నీళ్లు తాగి, నేను ఎట్లా చెప్పాలా అని చూస్తుండగానే తనే అన్నాడు. "మీ యాడి పోయిన సంగతి నాకు ఎరుకే. గా దినమే బిచ్చా ఆగలేక ఫోన్ చేసిండు. నీకు ఎరుకైందని గూడ భిక్షనాడు నీ మొకం సూసినప్పుడే సమజైంది."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మాల తియ్యాలె గదనే. మంచిగ నడుస్తుండె. నాకు గూడ తియ్య బుద్ధి కాలే" అన్నాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. పక్కన కూర్చుని నేనే కొంగుతో తుడిచాను అక్కా. అంతసేపూ నాకు మొగుడున్నాడని అనిపించింది. గురుస్వామి చెప్పినట్టు మారాడనే అనుకున్నాను.

నాలుగింటికి బయటికి పోయాడు. అయిదున్నరకు వచ్చాడు. తలుపు దగ్గరే మొదలుపెట్టాడు. "మైల చేతులతోటి వండి పెట్టి నా దీక్ష ఖరాబు చేసినవ్" అన్నాడు. తనకు తెలిసే తిన్నాడు కదా. ఆ మాట నేను అనలేదు, అనూష అంది. అందుకే పిల్ల మీదికి పోయాడు, నేను అడ్డం పడ్డాను. మిగతాది నీ వార్డులో రోజూ చూసేదే.

దవాఖానలో పిండికట్టు ఆరేదాకా కదలొద్దన్నారు. కదలకుండా కూర్చుని రోజులు లెక్కపెట్టాను. పది నుంచి ఇరవై అయిదు దాకా, పదిహేను రోజులు. ఆయన నియమం ప్రకారమే పదో తేదీన ఆ మాల పోయింది. తర్వాత ఆయన మెడలో ఉన్నవి వట్టి పూసలు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ పదిహేను రోజులూ తాగలేదు. నా మీద చెయ్యి ఎత్తలేదు. వడ్డిస్తుంటే జాలిగా చూశాడు కూడా. అప్పుడు ఆయనను పట్టుకున్నది ఎవరు?

దేవుడు ఆపుతున్నాడని రెండేళ్లుగా నమ్మాను. ఆపుకున్నది ఆయనే అక్కా. ఆపుకోగలడు. మిగతా రోజుల్లో ఆపుకోవాలని అనుకోలేదు, అంతే.

ఇది తెలిశాక నాకు ఆ ఇంట్లో ఉండటానికి ఏ కారణమూ మిగల్లేదు. దేవుడి మీద కోపం లేదు. దేవుడిది కాని పని దేవుడి నెత్తిన పెట్టి, దాని కోసం తల్లి మొహం చూడకుండా కూర్చున్నాను. ఆ తప్పు నాది. దానికి ఏ గుళ్లో ఏం చేయాలో నాకు తెలియదు, ఎవరినీ అడగను కూడా.

నిన్న సాయంత్రం కృష్ణమూర్తి గారు వచ్చి, వచ్చే ఏడు ముందే మాల వేయిద్దాం, ఓపిక పట్టు మాతా అన్నారు. నా పేరు సుధ అని చెప్పాను.

గురువారం ఆయన లోడుకు వాడపల్లి పోతాడు. పొద్దున ఏడున్నర బస్సుకు వస్తున్నాం. నువ్వు బస్టాండుకు రాకు, కాళ్లు వాస్తాయి. ఇల్లు మేమే వెతుక్కుంటాం. యాడి గాజుల్లో సగం బయట పెట్టు. కట్టు విప్పేదాకా వేసుకోలేను గానీ, చూస్తాను.

సుధ

పెద్దమ్మా, ఇది నేను రాస్తున్నాను, అమ్మ చెప్పింది కాదు. బ్యాగు మళ్లీ సర్దేశాను, సుందరమ్మ ఆంటీ షాపులో పెట్టాను. దీపం నిన్ననే నేను ఆర్పేశాను, అమ్మ చూస్తుండగానే. అమ్మ ఇంతవరకు అమ్మమ్మ కోసం ఏడవలేదు. ఇప్పుడే ఒక మాట అడగమంది. మీ ఇంట్లో ఉల్లిగడ్డలు ఉన్నాయా అని. అమ్మకు ఒక్క చెయ్యే పనిచేస్తుంది కాబట్టి నేను పట్టుకుంటాను, అమ్మ కోస్తుంది.

అనూష